బోరబండ టు హైటెక్ సిటీ: పని ఆగిన రోడ్డే అసలు డేంజర్.. బండి స్కిడ్ అయితే కేసు ఎవరి మీద?

బోరబండ నుంచి హైటెక్ సిటీకి టూవీలర్ మీద వెళ్లేవాళ్లకు దారి కొత్తేం కాదు. సైట్-3, పర్వత్‌నగర్ దాటితే మాదాపూర్ వచ్చేసినట్టే. ట్రాఫిక్ లేకపోతే పాట పూర్తయ్యేలోపు ఆఫీస్ బిల్డింగులు కనిపిస్తాయి. కానీ ఆ కాస్త దూరంలో రోడ్డు ఏ రోజు ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. రాత్రి ఇంటికొచ్చేటప్పుడు బాగున్న రోడ్డు, పొద్దున్నకల్లా సగం తవ్వేసి ఉంటుంది. తవ్వింది జలమండలా, కరెంటోళ్లా, కేబుల్ కంపెనీయా? బోర్డు ఉండదు కాబట్టి తెలియదు.

రోడ్డు పనులు జరిగే చోట జాగ్రత్తగా నడపాలని పోలీసులు చెబుతూనే ఉంటారు. స్లోగా వెళ్లండి, హెల్మెట్ పెట్టుకోండి.. ఇవి ఎవరికీ తెలియనివి కావు. హైదరాబాద్ అసలు సమస్య వేరే ఉంది. ఇక్కడ జనం ఎక్కువగా పడుతున్నది పని జరుగుతున్న చోట కాదు. పని ఆపేసి వెళ్లిపోయిన చోట! జేసీబీ తిరుగుతుంటే, కూలీలు కనిపిస్తుంటే ఎవరైనా బ్రేక్ వేస్తారు. జేసీబీ వెళ్లిపోయి, గుంత మాత్రం మిగిలిపోయిన రాత్రే ప్రమాదం.

2021 సెప్టెంబర్.. 15 రోజుల్లో రెండు ఘటనలు

ఐటీ కారిడార్ జనం ఇంకా మర్చిపోని రెండు ఘటనలున్నాయి. రెండూ ఒకే నెలలో జరిగాయి.

మొదటిది 2021 సెప్టెంబర్ 10, వినాయక చవితి రోజు. హీరో సాయి ధరమ్ తేజ్ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటి ఐకియా వైపు వెళ్తుండగా స్పోర్ట్స్ బైక్ స్కిడ్ అయింది. రోడ్డు మీద ఇసుక, మట్టి పేరుకుపోయి ఉందని పోలీసులే చెప్పారు. హెల్మెట్ ఉండటంతో ప్రాణాపాయం తప్పిందని కూడా వాళ్లే చెప్పారు. సీసీటీవీ వీడియో టీవీల్లో, ఫోన్లలో రోజుల తరబడి తిరిగింది. చర్చ మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూనే నడిచింది. స్పీడ్ ఎంత? అతివేగం, నిర్లక్ష్యం కింద కేసు నమోదైంది కూడా. ఇసుక అక్కడికి ఎలా వచ్చింది, ఎవరు ఊడ్చాలి అన్న ప్రశ్న రెండో వరుసలోకి వెళ్లిపోయింది. చుట్టూ బిల్డింగుల పనులు నడిచే ఏరియా అది. మట్టి రోడ్డు మీదకు వచ్చేలా చేసిన ఓ నిర్మాణ సంస్థకు జీహెచ్‌ఎంసీ లక్ష రూపాయల జరిమానా వేసినట్టు ఆ తర్వాత వార్తలొచ్చాయి. అవి ఎంతమందికి గుర్తున్నాయి?

సరిగ్గా 15 రోజుల తర్వాత, సెప్టెంబర్ 25 రాత్రి, మణికొండలో రెండోది. భారీ వర్షం. గోల్డెన్ టెంపుల్ దగ్గర డ్రైనేజీ లైన్ కోసం తవ్విన గుంత వరద నీళ్లలో మునిగిపోయింది. రోడ్డేదో, గుంతేదో తెలియని పరిస్థితి. నడుచుకుంటూ వెళ్తున్న ఓ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అందులో పడిపోయి కొట్టుకుపోయాడు. రెండు రోజుల గాలింపు తర్వాత నెక్నాంపూర్ చెరువులో మృతదేహం దొరికింది. అది నెలల తరబడి సాగుతున్న పని అని, హెచ్చరిక బోర్డు కూడా పెట్టలేదని స్థానికులు మొత్తుకున్నారు. అప్పటి మున్సిపల్ శాఖ మంత్రి కేటీఆర్ బాధ్యత తమదేనన్నారు. ఒక ఇంజినీర్ మీద వేటు పడింది. కుటుంబానికి పరిహారం ప్రకటించారు.

ఒకరు బైక్ మీద, ఇంకొకరు కాలినడకన. ఒకరు సెలబ్రిటీ, ఇంకొకరు మామూలు ఉద్యోగి. రెండు చోట్లా కామన్‌గా ఉన్నది ఒక్కటే. ఆ క్షణంలో అక్కడ పని చేసేవాళ్లెవరూ లేరు. పని తాలూకు మిగులు మాత్రమే ఉంది. ఇసుక ఒకచోట, గుంత ఒకచోట.

నిజమే, పని నడుస్తుండగా జరిగిన ఘోరాలూ హైదరాబాద్ చూసింది. 2007 సెప్టెంబర్ 9న పంజాగుట్టలో కడుతున్న ఫ్లైఓవర్ భాగం కింద వెళ్తున్న వాహనాల మీద కూలి ప్రాణాలు తీసింది. అలాంటి చోట వాహనదారుడు చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. పైన స్లాబ్ పని జరుగుతుంటే కింద ట్రాఫిక్ వదలకూడదు, అంతే. అది ఇంజినీర్లు, పోలీసులు తీసుకోవాల్సిన నిర్ణయం. కానీ రోజూ జరిగే స్కిడ్‌లు, కాళ్లు విరగడాలు టీవీ దాకా రావు. అవి బోరబండ లాంటి బస్తీల్లో, కాలనీ రోడ్ల మీద, రాత్రి పది దాటాక జరుగుతాయి.

బోరబండలో ఇది ఎందుకు ఎక్కువ?

మొదటి కారణం నేల. బోరబండ, రహమత్‌నగర్ వైపు చాలా రోడ్లు ఎత్తుపల్లాలే. గుట్టల మీద లేచిన కాలనీలు. ఎగువన గల్లీలో ఎవరో ఇల్లు కట్టడానికి ఇసుక పోయిస్తారు. వాన పడగానే అది దిగువ మలుపులోకి జారుతుంది. ఇసుక పోసిన ఇల్లు ఒకచోట, బండి పడేది ఇంకోచోట. రెండింటికీ సంబంధం ఉందని పడినవాడికి కూడా తెలియదు.

రెండోది ట్రాఫిక్. మాదాపూర్, హైటెక్ సిటీలో పనిచేసే ఆఫీస్ బాయ్‌లు, సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ సిబ్బంది, క్యాబ్ డ్రైవర్లు, డెలివరీ బాయ్స్, హాస్టల్ అద్దె భరించలేని ఫ్రెషర్స్.. వీళ్లలో చాలామందికి బోరబండ, అల్లాపూర్, మోతీనగర్ ఏరియాలే ఇల్లు. షిఫ్ట్‌లు తెల్లవారుజామున, అర్ధరాత్రి. అంటే గుంతలు కనిపించని టైమ్‌లోనే రోడ్డెక్కేది వీళ్లు. పైగా డెలివరీ యాప్‌లో టైమర్ పరుగెడుతూ ఉంటుంది.

మూడోది హద్దులు. బోరబండ హైదరాబాద్ పోలీస్ కమిషనరేట్‌లోకి వస్తుంది. కాస్త ముందుకెళ్తే మాదాపూర్, అది సైబరాబాద్. మున్సిపల్ లెక్కల్లో వార్డులు, సర్కిళ్లు మళ్లీ వేరు. ఇక భూమి లోపల ఇంకో ప్రపంచం ఉంది. మంచినీళ్లు, మురుగు జలమండలివి. కరెంట్ కేబుల్ డిస్కమ్‌ది. ఇంటర్నెట్ ఫైబర్ ప్రైవేట్ కంపెనీలది. పైన తారు మాత్రం జీహెచ్‌ఎంసీది. 2019-20లో సీఆర్‌ఎంపీ పేరుతో 709 కిలోమీటర్ల మెయిన్ రోడ్ల నిర్వహణను ఐదేళ్లకు ప్రైవేట్ ఏజెన్సీలకు ఇచ్చారు. ఆ రోడ్ల మీద గుంత పడితే అడగడానికి కనీసం ఒక ఏజెన్సీ అంటూ ఉండేది. కాలనీ లోపలి రోడ్లకు ఆ భాగ్యం లేదు. తవ్వినవాడు మట్టి పూడ్చేసి పోతాడు. తారు వేయాల్సినవాడు మట్టి కుంగేదాకా ఆగాలంటాడు. ఈ రెండింటి మధ్య గడిచే వారాలే బండి నడిపేవాడి పాలిట గండం.

బోరబండ జూబ్లీహిల్స్ నియోజకవర్గంలో భాగం. ఉప ఎన్నిక అయినా, కార్పొరేషన్ ఎన్నికలైనా శంకుస్థాపనలకు కొదవుండదు. శిలాఫలకం దగ్గర కొబ్బరికాయకు దొరికే మర్యాద, ఆ తర్వాత బారికేడ్‌కు దొరకదన్నదే బాధ.

రూల్ ఏం చెబుతోంది?

రూల్స్ లేవా అంటే, చాలా పక్కాగా ఉన్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రత్యేకంగా పనుల ప్రాంతాల్లో ట్రాఫిక్ ఎలా నడపాలో ఒక పుస్తకమే తెచ్చింది. దాని నంబర్ ఎస్‌పీ 55, తాజాగా 2014లో సవరించారు. దాని ప్రకారం రోడ్డు పని అంటే గుంత ఒక్కటే కాదు, నాలుగు భాగాలు. ముందుగా హెచ్చరించే భాగం, వాహనాలను పక్క లేన్‌లోకి మళ్లించే భాగం, పని జరిగే భాగం, మళ్లీ మామూలు రోడ్డులోకి కలిపే భాగం. వేగం గంటకు 50 కిలోమీటర్ల లోపు ఉండే సిటీ రోడ్లలో కూడా హెచ్చరిక దాదాపు 100 మీటర్ల ముందే మొదలవ్వాలి. ఎర్ర అంచు త్రికోణంలో పార పట్టుకున్న మనిషి బొమ్మ అందుకే. రాత్రి లైట్ పడితే మెరిసే షీటింగ్ తప్పనిసరి. మనవాళ్లు రేడియం అంటారే, అదే.

బోరబండ గల్లీల్లో కనిపించేది ఏంటి? గుంత అంచున రెండు రాళ్లు, వాటి మధ్య ఎర్ర గుడ్డ ముక్క కట్టిన కర్ర. బాగా శ్రద్ధ ఉన్న కాంట్రాక్టర్ అయితే ఒక ప్లాస్టిక్ రిబ్బన్. మ్యాన్‌హోల్ మూత లేని చోట స్థానికులే చెట్టుకొమ్మ గుచ్చుతారు. నిజం చెప్పాలంటే, ఆ చెట్టుకొమ్మ కాపాడినన్ని ప్రాణాలు ఏ బోర్డూ కాపాడి ఉండదు.

100 మీటర్లు ఎందుకు అన్నది లెక్క వేస్తే అర్థమవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల స్పీడ్ అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. గుంత కంట్లో పడి, మెదడు గుర్తించి, చెయ్యి బ్రేక్ మీద పడటానికి సెకనున్నర పడుతుందనుకుంటే, అప్పటికే బండి 25 మీటర్లు ముందుకు వెళ్లిపోయింది. ఇంకా బ్రేక్ పడనే లేదు. పొడి తారు మీదే ఆగడానికి ఇంకో 20 మీటర్ల పైనే కావాలి. పాత స్కూటీ హెడ్‌లైట్ వెలుగు మసక రోడ్డు మీద 30 మీటర్లు చూపిస్తే గొప్ప. అంటే బోర్డు లేని చోట 60లో వెళ్లేవాడు గుంతలో పడటం దురదృష్టం కాదు, లెక్క. అదే 30లో వెళ్తే ఆ సెకనున్నరలో 12 మీటర్లే పోతాయి. కంకర ఉన్నా ఆగడానికి చోటు మిగులుతుంది.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లను అడిగితే చెబుతారు. అక్కడ రోడ్డు పనుల బోర్డులు ఆరెంజ్ రంగులో చాలా ముందు నుంచే మొదలవుతాయి. కూలీలు ఉన్న చోట స్పీడ్ దాటితే చాలా రాష్ట్రాల్లో జరిమానా డబుల్. డాలస్‌లో ఆ ఆరెంజ్ కోన్ చూడగానే యాక్సిలరేటర్ మీద కాలు తీసేవాడే, సెలవులకు వచ్చి మాదాపూర్‌లో దూసుకుపోతాడు. మనిషి మారలేదు. చెప్పే బోర్డు లేదు, అడిగే మనిషి లేడు.

తవ్వింది ఏదో చూస్తే, ఎలా నడపాలో తెలుస్తుంది

బోర్డు లేని ఊళ్లో రోడ్డునే బోర్డులా చదువుకోవాలి. ఇందులో కాస్త అనుభవం ఉన్న డెలివరీ బాయ్స్‌ని మించిన ఎక్స్‌పర్ట్స్ లేరు.

రోడ్డుకు అడ్డంగానో, పొడుగునో సన్నగా మట్టి గీత కనిపిస్తే అది పూడ్చిన కందకం. పైకి చదునుగానే ఉంటుంది. పొరలు పొరలుగా నీళ్లు పోసి దిమ్మిస కొట్టకుండా మట్టి నింపేసి ఉంటే, మొదటి పెద్ద వానకే అర అడుగు కుంగుతుంది. పొడుగు గీత అయితే ఇంకా డేంజర్. ముందు టైరు ఆ గాడిలో పడితే హ్యాండిల్ మాట వినదు. అలాంటి గీతను దాటాల్సి వస్తే పక్కపక్కనే రాసుకుంటూ వెళ్లకుండా, స్పీడ్ బాగా తగ్గించి వీలైనంత అడ్డంగా దాటాలి. వాన పడ్డాక దాని మీద నీళ్లు నిలబడి ఉంటే అసలు ఎక్కకపోవడమే మేలు.

కొత్త తారు వేసే ముందు పాత పొరను మెషిన్‌తో గీకేస్తారు. రోడ్డంతా దువ్వెనతో దువ్వినట్టు గాళ్లు పడుతుంది. కారులో ఉన్నవాళ్లకు శబ్దం తప్ప ఏమీ తెలియదు. టూవీలర్ మాత్రం పాములా ఊగుతుంది. భయపడి హ్యాండిల్ గట్టిగా బిగిస్తే ఇంకా ఊగుతుంది. చేతులు వదులుగా ఉంచి, ఒకే స్పీడ్‌లో నిదానంగా పోవాలి. గీకినప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. రోడ్డు కిందకు దిగుతుంది, మ్యాన్‌హోల్ మూత మాత్రం పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. కొత్త తారు వేశాక రివర్స్! రోడ్డు పైకి లేచి, మూత లోతుగా గుంటలా మిగిలిపోతుంది. మూత ఎత్తు సరిచేయడం అనేది మన దగ్గర ఎప్పుడూ తర్వాత చేసే పనే.

సీసీ రోడ్డు సంగతి వేరు. ఒక సగం పోస్తారు, ఇంకో సగంలో రెండు వైపుల ట్రాఫిక్ వదులుతారు. కొత్త కాంక్రీట్ అంచు పాత రోడ్డు కంటే ఆరేడు అంగుళాలు ఎత్తులో ఉంటుంది. ఎదురుగా ఆటో వచ్చిందని పక్కకు జరిగితే టైరు ఆ అంచును రుద్దుకుని బండి పడిపోతుంది. ఇలాంటి చోట ఓవర్‌టేక్ చేయాలన్న ఆలోచనే వద్దు. ఎదుటివాడికి దారిచ్చి ఆగినంత మాత్రాన ఎవరి పరువూ పోదు. క్యూరింగ్ కోసం కట్టిన మట్టి గట్లు తెంచుకుని బైకులు ఎక్కించేవాళ్లూ ఉన్నారు. ఆ రోడ్డు ఆర్నెల్లకే ఎందుకు పాడవుతుందో మళ్లీ వాళ్లే అడుగుతారు.

ఇసుక, కంకర.. టూవీలర్లను ఎక్కువగా పడేసేది ఇవే. అందులోనూ మలుపులో. ఇసుక మీద బండి వంచినా, ముందు బ్రేక్ గట్టిగా పట్టినా అంతే సంగతులు. చేయాల్సిందంతా ఇసుక రాకముందే చేయాలి. బండి నిటారుగా ఉన్నప్పుడే రెండు బ్రేకులూ కలిపి మెల్లగా వేసి స్పీడ్ తగ్గించాలి. ఇసుక మీదకు వచ్చాక బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ కదపకుండా నేరుగా దాటేయాలి. గుంతల మీద కప్పే ఇనుప ప్లేట్లకూ ఇదే వర్తిస్తుంది. తడిసిన ప్లేటు మీద టైరుకు పట్టు ఉండదు.

కార్లవాళ్ల బాధ్యత తక్కువేం కాదు. తవ్విన రోడ్డులో ముందు వెళ్తున్న బైక్ ఒక్కసారిగా పక్కకు కోస్తే, వాడికి పొగరు అనుకోకండి. వాడికి గుంత కనిపించింది. వెనక నుంచి హారన్ కొడితే వాడు వెనక్కి చూస్తాడు, ముందున్న గుంతలో పడతాడు. కనీసం మూడు సెకన్ల దూరం వదలాలి. దుమ్ము లేచిన చోట హైబీమ్ వేస్తే ఎదుటివాడికి తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు. రెండు లేన్లు ఒకటయ్యే చోట ఒకటి ఇటు, ఒకటి అటు అన్నట్టు కలిస్తే ఐదు నిమిషాల్లో క్లియర్ అయ్యే జామ్, అందరూ ముక్కు దూర్చడంతో అరగంట అవుతోంది.

నడిచేవాళ్ల గోడు ఎవరూ పట్టించుకోరు. కందకం తవ్విన మట్టి పోసేది ఫుట్‌పాత్ మీదే. దాంతో స్కూలు పిల్లలు, ముసలివాళ్లు రోడ్డు మధ్యలోకి వచ్చేస్తారు. మట్టి కుప్ప వెనక నుంచి మనిషి వస్తాడని ముందే అనుకుని నడపాలి.

ఆ మట్టి తవ్వుతున్న మనుషుల గురించి ఒక్క మాట. పాలమూరు జిల్లా పల్లెల నుంచి, ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. ట్రాఫిక్ తక్కువని రాత్రిళ్లు పని చేయిస్తారు. మెరిసే జాకెట్ లేకుండా, కందకంలో నడుము దాకా దిగి ఉంటారు. రోడ్డు మీద వచ్చేవాడికి కనిపించేది తలకాయ ఒక్కటే. బారికేడ్ లేకపోతే ముందు పోయేది వాళ్ల ప్రాణమే.

పడితే.. కేసు ఎవరి మీద?

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఉంది. రెండు బండ్లు గుద్దుకుంటే ఎదుటి బండి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నుంచి పరిహారం అడగొచ్చు. గుంతలో పడి, ఇసుక మీద జారి ఒంటరిగా పడితే? ఎదుటి బండే లేదు. పోలీస్ రికార్డులో అది సెల్ఫ్ యాక్సిడెంట్. సొంత బండి నడుపుతున్న వ్యక్తికి తన థర్డ్ పార్టీ పాలసీ పైసా ఇవ్వదు. మిగిలింది ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్. చనిపోయినా, శాశ్వత అంగవైకల్యం వచ్చినా 15 లక్షల వరకు వస్తుంది. కానీ అది ఉండాలంటే లైసెన్స్ ఉండాలి, ఆ కవర్ తీసుకుని ఉండాలి, బండి తన పేరు మీదే ఉండాలి. తమ్ముడి బండి మీద డెలివరీకి వెళ్లి పడినవాడికి అది కూడా కష్టమే. ప్రీమియంలో కొన్ని వందలు మిగులుతాయని ఆ కవర్ తీసేయించుకునేవాళ్లు ఒకసారి ఆలోచించుకోవాలి.

మరి గుంత తవ్వినవాడు? చట్టం వాళ్లను వదిలేయలేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198-ఏ అనే సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం పాలైనా సంబంధిత అధికార సంస్థ, కాంట్రాక్టర్, కన్సల్టెంట్‌కు లక్ష రూపాయల దాకా జరిమానా. కోర్టు ఏమేం చూడాలో కూడా అందులోనే రాశారు. రిపేర్ చేసే టైమ్ లేకపోతే కనీసం హెచ్చరిక బోర్డు పెట్టారా లేదా అన్నది అందులో ఒకటి. అంటే బోర్డు అనేది మర్యాద కోసం పెట్టేది కాదు, చట్టం అడిగే సాక్ష్యం. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106 సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు శిక్ష పడే కేసు కూడా పెట్టొచ్చు.

కోట్లలో నడిచే కాంట్రాక్టులో లక్ష జరిమానా ఎవరిని భయపెడుతుంది? రోజుల తరబడి బారికేడ్లు, లైట్లు, ఇద్దరు వాచ్‌మెన్‌లను పెట్టే ఖర్చుతో పోల్చుకుంటే జరిమానాయే చౌక అనిపించే పరిస్థితి. పైగా ఆ డబ్బు బాధిత కుటుంబానికి నేరుగా పోదు, ప్రమాద బాధితుల కోసం చట్టం చెప్పిన నిధిలోకి వెళ్తుంది. ఇది సెక్షన్ బలహీనత అనక తప్పదు.

దీనికి వేరే దారి చూపింది బాంబే హైకోర్టు. గుంతలు, మూతలేని మ్యాన్‌హోళ్ల వల్ల చనిపోయినవారి కుటుంబాలకు 6 లక్షలు, గాయపడినవారికి తీవ్రతను బట్టి 50 వేల నుంచి రెండున్నర లక్షల దాకా పరిహారం ఇవ్వాలని 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. అది మహారాష్ట్రకు సంబంధించిన తీర్పు. తెలంగాణలో ఇలా ఫిక్స్ చేసిన రేటు ఉంటే, మణికొండ లాంటి ఘటన జరిగిన ప్రతిసారీ మంత్రి ప్రకటన కోసం ఎదురుచూడాల్సిన పని ఉండదు. గుంతల వల్ల 2013-17 మధ్య దేశంలో 14,926 మంది చనిపోయారన్న లెక్క చూసి 2018లో సుప్రీంకోర్టే విస్తుపోయింది. సరిహద్దుల్లో ఉగ్రదాడుల్లో చనిపోయినవాళ్ల కంటే ఇది ఎక్కువ అని వ్యాఖ్యానించింది.

లెక్కలంటే ఇంకోటి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఏటా ఇచ్చే ప్రమాదాల నివేదికలో గుంతలకు ఒక కాలమ్, నిర్మాణంలో ఉన్న రోడ్లకు ఇంకో కాలమ్ ఉన్నాయి. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ రాసేటప్పుడు కారణం దగ్గర అతివేగం అని మాత్రమే రాసేస్తే, ఆ ప్రమాదం ఈ కాలమ్‌లలోకి ఎప్పటికీ రాదు. స్పీడ్ నిజమే కావచ్చు. కానీ ఇసుక కూడా నిజమే. రెండూ రాయడానికి అడ్డేముంది?

పనులు నిలిచిపోతే ఎలా ఉంటుందో ఉప్పల్ చెబుతుంది

పని ఆగిన రోడ్డు అంటే ఏంటో సిటీకి రెండో చివర చూడొచ్చు. వరంగల్ హైవే మీద ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్‌కు 2018 మేలో శంకుస్థాపన చేశారు. ఆరు కిలోమీటర్ల పైచిలుకు. పిల్లర్లు లేచాయి, పని పడకేసింది, కింద రోడ్డు మాత్రం ఏళ్ల తరబడి గుంతలు, దుమ్ముతో నరకం చూపించింది. విసిగిపోయి 2023లో ఆ పిల్లర్లకే ఇంకెన్నేళ్లు కడతారంటూ పోస్టర్లు అంటించారు. అక్కడ ఏ రోజూ పెద్ద యాక్సిడెంట్ అంటూ బ్రేకింగ్ న్యూస్ రాకపోవచ్చు. నడుము నొప్పి, షాకబ్జార్బర్ ఖర్చు, వర్షంలో పడిన బైకులు.. ఇవేవీ బ్రేకింగ్ కావు కదా.

ఐటీ కారిడార్ వైపు పనులు ఇంకా పెరిగేవే తప్ప తగ్గేవి కావు. బోరబండ, హైటెక్ సిటీ స్టేషన్ల మధ్య రైల్వే లైన్ మీద కైతలాపూర్ ఆర్‌ఓబీ 2022 జూన్‌లో వచ్చింది. శిల్పా లేఅవుట్, కొత్తగూడ ఫ్లైఓవర్లు ఆ తర్వాత వచ్చాయి. 2025 జూన్‌లో కొండాపూర్ వైపు పీజేఆర్ ఫ్లైఓవర్ ఓపెన్ అయింది. హెచ్-సిటీ పేరుతో కేబీఆర్ పార్క్ చుట్టూ ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లకు ప్లాన్ ఉంది. అక్కడ రోడ్లు మూసుకుపోయిన ప్రతిసారీ ట్రాఫిక్ కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, బోరబండ గల్లీల్లోకి మళ్లుతుంది. మెయిన్ రోడ్డు పనికి డైవర్షన్ ప్లాన్ ఉంటుంది, ట్రాఫిక్ పోలీసులు ట్వీట్ పెడతారు. డైవర్ట్ అయి వచ్చిన గల్లీలో అప్పటికే ఉన్న కందకం గురించి ఎవరూ ట్వీట్ పెట్టరు. మ్యాప్స్ యాప్ కూడా చెప్పదు. రద్దీ లేదు కాబట్టి అటే పొమ్మంటుంది. రాత్రిపూట తెలియని గల్లీ కంటే తెలిసిన జామే నయం.

గుంత కనిపిస్తే చేయాల్సిన పని

ఫొటో తీయండి. గుంత ఒక్కటే కాదు, దానికి 50 మీటర్ల ముందు నుంచి ఇంకోటి తీయండి. బోర్డు లేదన్న సంగతి ఆ రెండో ఫొటోలోనే తెలుస్తుంది. పక్కనే ఉన్న షాపు బోర్డో, కరెంట్ స్తంభం నంబరో అందులో పడేలా చూసుకోండి. ఎవరైనా పడినట్టయితే ఇది ఇంకా ముఖ్యం. యాక్సిడెంట్ జరిగిన తెల్లారే ఆ గుంత మాయమవుతుంది. ఎన్నాళ్లుగానో దొరకని ట్రాక్టర్ మట్టి ఆ రాత్రికి రాత్రి దొరుకుతుంది!

పడిన మనిషిని ఆస్పత్రికి చేర్చడానికి భయపడాల్సిన పనిలేదు. సాయం చేసినవాళ్లను పోలీసులు వేధించకుండా చట్టమే రక్షణ ఇస్తోంది. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా క్యాష్‌లెస్ చికిత్స ఇచ్చే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. 112కు కాల్ చేసినప్పుడు రోడ్డు పని జరుగుతున్న చోటు అని తప్పకుండా చెప్పాలి. ఫిర్యాదు రాసిచ్చేటప్పుడు కూడా బోర్డు, బారికేడ్, లైట్ లేవన్న మూడు మాటలూ అందులో ఉండేలా చూసుకోవాలి.

మురుగు వాసన, మ్యాన్‌హోల్, పైప్‌లైన్ గుంత అయితే జలమండలి 155313. తారు, కంకర, ఇసుక కుప్ప, ఫుట్‌పాత్ మీద మట్టి అయితే జీహెచ్‌ఎంసీ 040-21111111. ఏదో తెలియకపోతే రెండింటికీ చేయండి. మాది కాదు అని ఒకరు అంటే ఆ మాట చెప్పిన టైమ్, కంప్లైంట్ నంబర్ రాసి పెట్టుకోండి. రేపు కేసు నడిస్తే, ఆ గుంత గురించి అధికారులకు ముందే తెలుసా లేదా అన్నది కూడా 198-ఏ కింద కోర్టు చూసే అంశమే.